ఐదో థెటిస్

దుబాయ్ వెళ్లొచ్చానని తెలియగానే మా ఊళ్లో అందరూ ముందు అడిగింది బంగారం గురించి, ఆ తర్వాత ఎత్తయిన మేడల గురించి. బంగారం బజారు నేను చూడలేదు. మేడలు కారు అద్దంలోంచి కనిపించినంత మేరకు చూశాను, మెడ నొప్పి పుట్టింది. నేను వెళ్లింది ఒక యుద్ధనౌకను చూడటానికి. ఆ మాట అంటే నన్ను ఎగాదిగా చూసి "ఈ వయసులో ఇదేం సరదా?" అన్నారు. సరదా కాదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ బస్సులో కండక్టరుగా చేశాను. నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం అంటూ రోజంతా గొంతు చించుకుని అరిచినవాణ్ణి. రిటైరై రెండేళ్లయింది. భార్య పోయి ఐదేళ్లయింది, పిల్లలు లేరు. నా తర్వాత పదకొండేళ్లకు పుట్టిన తమ్ముడు ఒక్కడుండేవాడు. పేరు సూర్యనారాయణ, ఇంట్లో మాకు సూర్నారాయణ. విశాఖలో వెల్డింగు నేర్చుకుని ఓడల మరమ్మతు పనికి దుబాయ్, షార్జా ఉన్న ఎమిరేట్స్ దేశం వెళ్లాడు. ఫుజైరా తీరానికి ఎడంగా లంగరు వేసిన ఓడల దగ్గరికి పడవలో వెళ్లి పనిచేసే జట్టు వాళ్లది. ఎనిమిదేళ్ల క్రితం థెటిస్ అనే యుద్ధనౌకలో ఒక ఖాళీ ట్యాంకులోకి దిగి, లోపల గాలి చాలక పడిపోయి, మళ్లీ లేవలేదు. కాగితంలో అంతే రాసి ఉంది. మరణించిన స్థలం: థెటిస్ నౌక, ఫుజైరా రేవు వెలుపల.

వాడి శవం ఉన్న పెట్టె వచ్చింది. మా వైపు శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను ఒకచోట దించుతారు, దింపుడుకల్లం దగ్గర. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతాడని, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పెట్టె దించి "పిలవరా" అన్నారు పెద్దలు. అది రేకుతో మూసి మేకులు కొట్టిన పెట్టె. తెరవకూడదని పైన కాగితం అంటించి ఉంది. తల ఎటుందో కాళ్లెటున్నాయో ఎవరికీ తెలియదు. నేను ఈ చివర ఒకసారి వంగాను, ఆ చివర ఒకసారి వంగాను. చెవి ఎక్కడుందో తెలియకుండా ఎక్కడని పిలవను? అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా ఊళ్ల పేర్లు అరుస్తున్న గొంతు, సొంత తమ్ముడి పేరు దగ్గరికొచ్చేసరికి పెగల్లేదు. ఎండెక్కుతోందని ఎవరో అన్నారు. పెట్టె ఎత్తేశారు.

ఈ సంగతి ఆ సాయంత్రానికే మా మరదలికి, తమ్ముడి భార్య పార్వతికి, తెలిసిపోయింది. తమ్ముడి ముఖం ఆమె చూడలేదు, ఎవరూ చూడలేదు. పదకొండో రోజు కార్యం అయితే జరిగింది గానీ, ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా తద్దినం పెట్టనివ్వలేదు. నేను తిథి మాట ఎత్తగానే వంటింట్లోకి వెళ్లిపోయేది. ఒక్కసారి మాత్రం గుమ్మం అవతల నిలబడి, నా ముఖం చూడకుండానే అడిగింది.

"పిలవని మనిసి ఎలగెళ్తాడు బావగోరూ?"

తప్పు నాదే. అందుకని ఎనిమిదేళ్లు ఆ ఇంటి గుమ్మం తొక్కిన ప్రతిసారీ తల దించుకునే తొక్కాను.

రెండు వేల ఆరులో, దసరా అయిపోయాక, షార్జా నుంచి మస్తాన్ ఫోన్ చేశాడు. మస్తాన్‌ది నెల్లూరు. అక్కడ తమ్ముడి గదిలో పక్క మంచం అతనిదే. పెట్టె కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా అతనే. ఇప్పుడు దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవులో ఓడలకు కూరగాయలు, మాంసం, సబ్బులు సరఫరా చేసే కంపెనీలో సూపర్‌వైజరు.

"అన్నా, ఆ ఓడ వొస్తుండాది. ఆర్డరు కాయితం మీద పేరు నా కళ్లతో చూశా, థెటిస్ అని. వొచ్చే నెల వారం దినాలు మా రేవులోనే ఉంటాదంట. నువ్వు వొచ్చేటట్టయితే దాని కాడికి తీసకపోతా" అన్నాడు.

ఈ మాట పార్వతికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు తన్నుకులాడాను. చెప్పాను. ఆమె ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు.

"ఎల్లండి బావగోరూ. ఆ ఓడ కాడే పిలిచి రండి. పలక్కపోతే పలకలేదని నాకు చెప్పండి, ఇంటాను" అంది.

షార్జా, అల్ నహ్దా

విమానం దిగాక బయట వందమంది ఇంగ్లీషు బోర్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకే ఒక్క అట్టముక్క మీద తెలుగులో నా పేరుంది. దాన్ని పట్టుకున్న బట్టతల మనిషి మస్తాన్. నన్ను చూసి అట్ట దించేసి, నా చేతిలో సంచి అందుకున్నాడు. తర్వాత చెప్పాడు, నా నడక అచ్చం తమ్ముడి నడకలా ఉందట. ఇన్నేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

అల్ నహ్దాలో మస్తాన్ ఉండేది ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో. గదిలో నాలుగు మంచాలు, రెండేసి ఒకదాని మీద ఒకటి. తెల్లవారకముందే అందరూ "యల్లా, యల్లా", అంటే పదండి పదండి, అనుకుంటూ బూట్లు తొడుక్కుని వ్యానెక్కేస్తారు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. మధ్యలో గది మొత్తం నాది. నాలుగు మంచాలు, నాలుగు దుప్పట్లు, గోడకు నాలుగు మేకులు, మేకులకు చొక్కాలు. తమ్ముడు ఉన్న గది ఇది కాదట, ఆ బిల్డింగు కొట్టేశారట. అయినా మొదటి రోజు కింది మంచం మీద పడుకుని, పై మంచం అడుగును చూస్తూ, వాడు ఏళ్ల తరబడి చూసింది ఇలాంటి చెక్కనే కదా అనుకున్నాను.

కింద మలయాళీ హోటల్లో టీ ఒక దిర్హం. అంటే మన పన్నెండు రూపాయలు. అక్కడికి కొత్తగా వెళ్లిన ప్రతివాడూ మొదటి వారం ప్రతిదాన్నీ పన్నెండుతో హెచ్చవేస్తాడట. రెండో వారంలో మానేస్తాడట, మానకపోతే తిండి సహించదని మస్తాన్ చెప్పాడు. నేను ఉన్నదే వారం కాబట్టి శుభ్రంగా హెచ్చవేసుకుంటూనే తిన్నాను. పరోటా బాగుంది. సాంబారు అని వాళ్లు పోసిన దాని గురించి ఏమీ చెప్పను.

రోడ్డు దాటబోతే కార్లు వాటంతటవే ఆగాయి. నాకేదో అయిందనుకుని ఆగాయేమోనని వెనక్కి తగ్గాను. నేను తగ్గితే అవి కదిలాయి, నేను అడుగేస్తే మళ్లీ ఆగాయి. ఇలా మూడుసార్లయ్యాక ఒక పఠాన్ డ్రైవరు చెయ్యి బయటపెట్టి నన్ను విసుగ్గా అవతలికి తోలాడు.

మర్యాద పోగొట్టుకున్నది మాత్రం బస్సులో. ఊరు చూద్దామని బస్సెక్కి, అలవాటు కొద్దీ ముందు సీట్లో కూర్చున్నాను. అవి ఆడవాళ్ల సీట్లట. డ్రైవరు అద్దంలోంచి "పీఛే, పీఛే" అని గదిమాడు. ముప్పై ఏళ్లు ఆడవాళ్ల సీట్లలో కూర్చున్న మగవాళ్లను లేపిన నేను, తలవంచుకుని వెనక్కి పోయాను. ఆ బస్సులో కండక్టరు లేడు. స్టాపుల పేర్లు పిలిచే మనిషి లేడు. ఎవరి ఊరొస్తే వాళ్లే తెలుసుకుని, మాటా పలుకూ లేకుండా దిగిపోతున్నారు. నేను రెండు స్టాపుల అవతల దిగి, వచ్చిన దారినే నడుచుకుంటూ వెనక్కి వచ్చాను.

జెబెల్ అలీ

నాలుగో రోజు పొద్దున్న మస్తాన్ తన కంపెనీ లారీలో నన్ను ఎక్కించుకున్నాడు. కూరగాయలు దించే కూలీగా ఒక రోజుకు నాకు పాసు సంపాదించాడు. కంపెనీ పేరున్న నీలం చొక్కా తొడిగాడు. అది మోకాళ్ల దాకా వచ్చింది. వెనక ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కోడిగుడ్లు. గేటు దగ్గర ముదీర్, అంటే అక్కడి పైఅధికారి ఎవరో, పాసు చూశాడు, నా నెరిసిన తల చూశాడు, ఏదో అన్నాడు. మస్తాన్ అరబీలో ఏదో చెప్పి నవ్వించాడు. నేను తనకు మామనని చెప్పాడట.

రేవులోకి వెళ్లాక మలుపు తిరగగానే ఓడ కనిపించింది. బూడిద రంగు, పొడుగ్గా, ముందు ఒక ఫిరంగి. నేను ఊహించినంత పెద్దది కాదు. వెనక వైపు లోహపు అక్షరాలతో పేరు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నాను. ఎనిమిదేళ్లుగా కాగితం మీద చూసిన పేరు అది. ఏ దేశపు ఓడో రాయొద్దని మస్తాన్ కోరాడు. ఉద్యోగం చేసుకునేవాడు, అతని భయం అతనిది. యూరప్‌లో ఒక చిన్న దేశానిది అనుకోండి చాలు.

ఓడ ఎక్కడానికి వేసిన మెట్ల పక్కన ఒక చెక్క పలక ఉంది. దాని మీద ఒక బొమ్మ: ఒక స్త్రీ నీటి ఒడ్డున వంగి, పసిబిడ్డను మడమ పట్టుకుని తలకిందులుగా నీళ్లలో ముంచుతోంది. మన ముసలమ్మలు కాళ్లు చాపి వాటి మీద పిల్లల్ని పడుకోబెట్టి స్నానం చేయించడం చూసిన కళ్లకు, ఇలా నీళ్లు పోసే తల్లిని చూస్తే భయమేసింది.

సామాన్లు లెక్క చూసుకోవడానికి ఒక పెద్దాయన దిగివచ్చాడు. ఎర్రటి ముఖం, తెల్లటి మీసం, చేతిలో అట్ట. స్టోరు అధికారి. పేరు రెండుసార్లు చెప్పాడు, నా నోటికి రెండుసార్లూ పట్టలేదు. ఉల్లిపాయల బస్తాను ఒకటి కత్తితో కోసి, ఒక ఉల్లిపాయ తీసి వాసన చూసి తల ఊపాడు. మా ఊరి సంతలో ఆడవాళ్లు కూడా అంత శ్రద్ధగా చూడరు.

సామాన్లు దించడం అయ్యాక మస్తాన్ ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడాడు. నన్ను చూపించి, ఇతని తమ్ముడు ఈ ఓడలో పనిచేస్తూ చనిపోయాడు, ఆ ట్యాంకు ఉన్న చోటు దగ్గర ఒక్క నిమిషం నిలబడనిస్తారా అని అడిగాడు. పెద్దాయన ముఖం మారింది. టోపీ తీశాడు. ఎప్పుడు జరిగిందని అడిగాడు. ఎనిమిదేళ్లయిందని నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా చెప్పిన మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం మస్తాన్ ముఖంలో తెలిసింది.

"అన్నా, ఇది ఆ ఓడ కాదంటుండాడు. దీన్ని నీళ్లలోకి దించి నాలుగేళ్లేనంట. మనది దీనికి ముందుదంట."

వాళ్ల నౌకాదళంలో ఇది ఐదో థెటిస్. మొదటిది తెరచాపల కాలం నాటిది. ఒక ఓడ ముసలిదై సేవ నుంచి తప్పుకున్నాకే దాని పేరు కొత్త ఓడకు పెడతారు. ఒకే పేరుతో రెండు ఓడలు ఒకేసారి ఉండవు. పేరుతో పాటు పాత ఓడ గంట, పాత యుద్ధాల పేర్లు చెక్కిన పలక కూడా కొత్తదానికి వస్తాయి. ఇంకా వేరే దేశాలకూ థెటిస్‌లు ఉన్నాయట. ఒక దేశానిది జలాంతర్గామి, మొదటిసారి మునిగినప్పుడే లేవలేదట. పాత గ్రీకుల పురాణంలో థెటిస్ సముద్రంలో ఉండే దేవత. కొడుక్కి చావు రాకూడదని మహిమగల నీళ్లలో ముంచింది. తను పట్టుకున్న మడమ మాత్రం తడవలేదు. చివరికి బాణం అక్కడే తగిలింది. పెద్దాయన ఈ కథను సరుకుల జాబితా చదివినట్టు చదివేశాడు. చాలామందికి చెప్పి ఉంటాడు.

"మరి ఆ నాలుగోది ఎక్కడుంది?" అన్నాను.

"ఇండియా" అన్నాడు ఆయన.

పాత ఓడను విరగ్గొట్టడానికి అమ్మేశారట. ఐదేళ్ల క్రితమే గుజరాత్ ఒడ్డుకు లాక్కెళ్లి ముక్కలు చేశారట. ఇనుము కరిగించేశారట. నేను విమానమెక్కి, సముద్రం దాటి, నీలం చొక్కా తొడుక్కుని వెతుక్కుంటూ వస్తే, అది ఎప్పుడో మా దేశానికే వచ్చి కరిగిపోయింది. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి మస్తాన్ భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

పెద్దాయన మెట్ల వైపు చూపించి, పైకి రమ్మన్నాడు. పాత ఓడ గంట పైనే ఉందట. "మాకు ఐదూ ఒకే ఓడ. మేము వంద ఏళ్ల కిందటి యుద్ధం గురించి చెప్పేటప్పుడు కూడా 'మేము' అనే అంటాం. మీరు చెప్పదలచుకున్నది ఈ ఓడకు చెప్పండి" అన్నాడు. మంచి మనిషి. మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ నాకు ఒళ్లు మండింది. మా ఇళ్లలోనూ తాత పోతే ఆ పేరు మనవడికి పెట్టుకుంటాం. అంతమాత్రాన మనవడి చెవిలో తాతను పిలవం కదా.

"ఈ ఓడ మా తమ్ముణ్ణి చూడలేదు" అన్నాను. తెలుగులోనే అన్నాను. మస్తాన్ దాన్ని అనువాదం చేయలేదు. పెద్దాయనకు అక్కర్లేకపోయింది. టోపీ పెట్టుకుని, నాకు సెల్యూట్ చేసి, బస్తాలు లెక్క పెట్టుకోవడానికి వెళ్లాడు.

తిరిగి వస్తుంటే లారీని మస్తానే నడిపాడు. ఒక సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద చేత్తో కొట్టాడు.

"నాదే తప్పన్నా. ఇరవై ఏళ్లుగా ఓడలతోనే బతుకుతుండా. మా సరుకు ఓడలకి ఓనరు మారితే పేరు మారిపోద్ది. పేరు ఏదైనా ఓడ అదే. అందుకని ఓడకి పేరు మారడం చూశా గానీ, పేరుకి ఓడ మారేది నేనేడా చూళ్లా. ఈ మిలట్రీ వాళ్ల పద్ధతి నాకు తెలవదన్నా."

"నీ తప్పేం లేదు తమ్ముడూ" అన్నాను. నిజంగానే లేదు. కానీ ఆ మాట అనడానికి నాకు రెండు సిగ్నళ్లు పట్టింది.

గదిలో ఒక రోజు

మర్నాడు నేను గది దాటలేదు. నా జీవితంలో అంత ఒంటరిగా ఉన్న రోజు ఇంకోటి లేదు, భార్య పోయిన నాడు కూడా లేదు. ఆ రోజు కనీసం వచ్చేపోయేవాళ్లున్నారు, చేయాల్సిన పనులున్నాయి. ఇక్కడ నాకు పనే లేదు. చేయడానికి వచ్చిన ఒక్క పనీ గుజరాత్ కొలిమిలో కరిగిపోయింది.

బాల్కనీలో నిలబడ్డాను. ఎదుటి బిల్డింగు నిండా ఆరేసిన బట్టలు. ఒక ఇంట్లో ఆడపిల్లలు స్కూలు బట్టల్లో వ్యాను కోసం దిగారు. తర్వాత ఎవరూ లేరు. మధ్యాహ్నం అజాన్ వినిపించింది. ఒక మసీదులో అయ్యేలోపు ఇంకో మసీదులో మొదలైంది. నాకు అర్థం కాకపోయినా, పిలిచే మనిషి గొంతు నాకు తెలుస్తుంది. ఎంత దూరం చేరాలో లెక్క వేసుకుని పిలుస్తున్న గొంతు అది. నేను లోపలికొచ్చి తలుపు మూసేశాను.

పార్వతికి ఏం చెప్పాలి? అబద్ధం చెప్పడం తేలిక. ఓడ ఎక్కాను, పిలిచాను, పలకలేదు అంటే నమ్ముతుంది. నన్ను అడిగేవాడు లేడు, మస్తాన్ తప్ప చూసినవాడు లేడు. ఒక గంటసేపు ఆ అబద్ధాన్నే సరిచేసుకుంటూ కూర్చున్నాను. కానీ ఎనిమిదేళ్ల క్రితం నోరు తెరవకపోవడం ఒక తప్పు. ఇప్పుడు తెరిచానని చెప్పడం ఇంకో తప్పు. నా వల్ల కాలేదు.

సాయంత్రానికి ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉందని, కింద కొట్లో వంకాయలు, చింతపండు కొని పులుసు పెట్టాను. వచ్చినవాళ్లు నలుగురూ నేల మీద కూర్చుని తిన్నారు. కడప కుర్రాడొకడు మూడోసారి అన్నం పెట్టుకున్నాడు. చేతులు కడుక్కున్నాక మస్తాన్ నా పక్కన కూర్చున్నాడు.

"రేపు శుక్రవారం, జుమా, నాకు సెలవే. ఫుజైరా పోదామన్నా. ఓడ లేకపోతే పోయింది, అది నిలబడిన నీళ్లుండాయి గదా" అన్నాడు.

"నీళ్లు ఒకచోట ఉంటాయా తమ్ముడూ? ఆ రోజు నీళ్లు ఇవాళ ఎక్కడున్నాయో."

"అట్టనుకుంటే యాడికీ పోలేం. ఇంకేడికి పోతావు చెప్పు?" అన్నాడు.

మసాఫీ మీదుగా

షార్జా దాటాక గంటసేపు ఇసుకే. ఎర్రటి ఇసుక, మధ్యలో ఒంటెలు, ఒంటెలు రోడ్డెక్కకుండా కంచె. మన దగ్గర గేదెలకు ఆ యోగం లేదు, అవే రోడ్డు మధ్యలో నిలబడి మనల్ని ఆపుతాయి. ఆ తర్వాత కొండలు మొదలయ్యాయి. చెట్టు కాదు కదా గడ్డిపోచ కూడా లేని కొండలు, పెంకు రంగులో. మందస వైపు కొండలు చూస్తూ పెరిగిన నాకు, ఇవేవో అనారోగ్యంతో ఉన్నట్టు అనిపించాయి.

మసాఫీ దగ్గర రోడ్డు పక్కన పెద్ద బజారు. తివాచీలు, మొక్కలు, మట్టికుండలు, పళ్లు. పేరుకు శుక్రవారం బజారు, వారమంతా ఉంటుందట. ఒక పఠాన్ ముసలాయన నా ముందు ఏడు తివాచీలు పరిచాడు. కొననని మొదటి దానికే చెప్పాను. "కొనకు చాచా, కూర్చో" అని ఏడో దాని మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎందుకొచ్చావు అని అడిగాడు. తమ్ముడి కోసం అన్నాను. "మిలా?" అన్నాడు, దొరికాడా అని. ఇంకా లేదన్నాను. దేవుడు కలుపుతాడని చెప్పి, టీకి డబ్బు తీసుకోలేదు.

ఫుజైరా ఒడ్డు

కొండలు దిగగానే సముద్రం. దుబాయ్ వైపు హడావుడి ఇక్కడ లేదు. రోడ్లు ఖాళీ, దుకాణాలు మూసి ఉన్నాయి. దూరంగా నీళ్ల మీద ఓడలు, వరసగా, ఇటు చివర నుంచి అటు చివరకు. ఇంధనం కోసం వరస కట్టి నిలబడ్డాయట. లెక్కపెట్టబోయి వదిలేశాను. వాటిలో ఎక్కడో, ఏదో రెండింటి మధ్య, మా తమ్ముడు చివరిసారి వెలుతురు చూసిన చోటుంది.

నమాజు వేళయింది. మస్తాన్ నన్ను ఒడ్డున దించి, అరగంటలో వస్తానని మసీదుకు వెళ్లాడు. అతను నన్ను ఒంటరిగా వదలడానికే అలా చేశాడని నాకు తెలుసు.

ఒడ్డున పడవలు లాగి పెట్టి ఉన్నాయి. ఒక పడవ నీడలో బంగ్లాదేశ్ జాలరి ఒకడు వల బాగుచేసుకుంటున్నాడు. ఇంకెవరూ లేరు. చెప్పులు విడిచి నీళ్లలో మోకాళ్ల దాకా దిగాను. మా బారువ సముద్రంలాగా పొర్లే అలలు కావు, చిన్నవి. ఏ వైపు తిరిగి పిలవాలో తెలియలేదు. ఈసారి ఆ మాట వంక కాకూడదనుకున్నాను.

మొదటిసారి పిలిచాను. గొంతులోంచి గాలే వచ్చింది, నాకే వినపడలేదు. రెండోసారి పిలిచాను. పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినంత వినపడింది. మూడోసారి, ఆఖరి బస్సు కదిలిపోతుంటే పరిగెత్తుకొస్తున్న మనిషిని పిలిచినట్టు, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"సూర్నారాయణా!"

జాలరి వల కింద పడేసి లేచాడు. "కిస్కో బులాతా హై చాచా?" అన్నాడు, ఎవర్ని పిలుస్తున్నావని.

"మేరా భాయీ" అన్నాను.

"కిధర్ గయా?" ఎటు పోయాడని అడిగాడు.

నేను ఓడల వైపు చెయ్యి చూపించాను. అతను నా పక్కకు పరిగెత్తుకొచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్లంతా వెతికాడు. ఈదుతూ వెళ్లాడా, పడవలో వెళ్లాడా అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా పడవ తాడు విప్పబోయాడు. అప్పుడు నేను అతని భుజం పట్టుకుని ఆపాల్సి వచ్చింది. "ఆఠ్ సాల్ హో గయా" అన్నాను, ఎనిమిదేళ్లయిందని. అతను తాడు వదిలేశాడు. నా ముఖం చూసి, నాతో మళ్లీ నీళ్లలోకి వచ్చి పక్కనే నిలబడ్డాడు. మా తమ్ముడి కోసం ఆ సముద్రంలో వెతికిన రెండో మనిషి అతను. ఇద్దరం అలా చూస్తూ నిలబడ్డాం. అటు నుంచి ఎవరూ పలకలేదు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్ల ఏడుపు, ఆపడం నా చేతుల్లో లేదు.

మస్తాన్ వచ్చేసరికి జాలరి నన్ను పడవ నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తున్నాడు. మస్తాన్ మా ముందు కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, మా ఊళ్లో పార్వతి ఎదురింటి నంబరు కలిపి నా చేతికిచ్చాడు. ఎదురింటివాళ్లు ఆమెను పిలుచుకురావడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమె ఊపిరి వినిపించింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఓడ అది కాదని, ఆ ఓడ ఇప్పుడు లేదని, ఒడ్డున నిలబడి పిలిచానని, మూడుసార్లని.

"పలికారేటండీ?" అంది.

"లేదమ్మా" అన్నాను.

లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత, ఎప్పుడూ నా ముందు పెదవి విప్పి గట్టిగా మాట్లాడని మనిషి, గట్టిగానే అంది.

"ఫోను నీళ్లకేసి పెట్టండి బావగోరూ."

మా ఆడవాళ్లు శ్మశానానికి రారు. దింపుడుకల్లం దగ్గర పిలవడం వాళ్లకు లేదు. అంతకంటే ముందు, మా ఇళ్లలో భార్య భర్త పేరు నోట పలకదు. ఓటరు కార్డు కోసం వచ్చినవాళ్లు అడిగితే పార్వతి నా వైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి. రేషన్ కార్డుకూ అంతే. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె నోట మా తమ్ముడి పేరు నేను వినలేదు, మా ఇంట్లో ఎవరూ వినలేదు.

లేచి మళ్లీ నీళ్లలోకి దిగాను. చెయ్యి ఎంత చాపగలనో అంత చాపి, ఫోన్ ఓడల వైపు తిప్పి పట్టుకున్నాను. వినకూడదని ముఖం పక్కకు తిప్పుకున్నాను గానీ, వినపడింది. సన్నటి గొంతు, ఆ చిన్న ఫోన్లోంచి.

"సూర్నారాయణ గారూ."

కాసేపు ఆగింది. మళ్లీ పిలిచింది. మళ్లీ ఆగింది. మూడోసారి పిలిచాక ఇంకా ఎక్కువసేపు ఆగింది. నేను చాపిన చెయ్యి దించలేదు. మస్తాన్, జాలరి ఒడ్డున తల వంచుకుని నిలబడ్డారు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. చాలాసేపటికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆమె ఇంకా అక్కడే ఉంది.

"ఈ ఏడు తిథి ఎప్పుడొచ్చింది బావగోరూ?" అని అడిగింది.